ఆదాయపన్ను బకాయి నోటీసు వచ్చిందా? ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

ఆదాయపన్ను శాఖ నుంచి "మీరు ఇంత బకాయి ఉన్నారు" అని మెయిల్ రాగానే చాలామంది రెండింట్లో ఏదో ఒకటి చేస్తారు. కొందరు గవర్నమెంటుతో గొడవ ఎందుకులే అని అడిగినంతా అప్పటికప్పుడు కట్టేస్తారు. ఇంకొందరు తర్వాత చూద్దాంలే అని పక్కన పడేస్తారు. రెండూ నష్టమే. మొదటివాళ్లు ఒక్కోసారి కట్టక్కర్లేని డబ్బు కూడా కడతారు. రెండోవాళ్లకి కట్టాల్సినదాని మీద నెలనెలా వడ్డీ పెరుగుతూ పోతుంది.

జీతగాళ్లకీ, పెన్షనర్లకీ, చిన్న వ్యాపారులకీ మామూలుగా వచ్చే డిమాండ్, అంటే బకాయి కట్టమనే నోటీసు, ఏ ఆఫీసరో కూర్చుని మీ మీద రాసినది కాదు. బెంగళూరులో సీపీసీ అని ఒక కేంద్రం ఉంది. మనం వేసిన ప్రతి రిటర్న్‌నీ అక్కడి కంప్యూటర్లు ప్రాసెస్ చేస్తాయి. మీరు రాసిన అంకెల్ని శాఖ దగ్గరున్న అంకెలతో పోల్చి, తక్కువ పడిన చోట ఆ తేడాకి వడ్డీ కలిపి డిమాండ్ వేస్తాయి. అందుకే మీరు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: తేడా ఏ లైన్లో వచ్చింది? అది తెలియకుండా కట్టకండి, కాదనకండి, ఎవరికీ ఫీజు ఇచ్చి పని అప్పగించకండి.

ఇక్కడ రాస్తున్నది వ్యక్తులకి వచ్చే ఆదాయపన్ను డిమాండ్ల గురించి మాత్రమే. జీఎస్టీ నోటీసులకీ, మున్సిపాలిటీ ఇంటిపన్ను నోటీసులకీ చట్టాలు వేరు, దారులు వేరు.

నోటీసు అసలుదేనా?

మెయిల్‌లో ఉన్న లింక్ నొక్కకండి. వాట్సాప్‌లో "ఇన్‌కంటాక్స్ నోటీస్" అని వచ్చే ఏపీకే ఫైల్ (ఫోన్లో యాప్ ఎక్కించేది) అస్సలు తెరవకండి. శాఖ ఎప్పుడూ మీ ఓటీపీ, పాస్‌వర్డ్, ఏటీఎం పిన్ అడగదు. ఫలానా యూపీఐ నంబరుకి డబ్బు పంపమని అడగదు. ఫోన్ చేసి, ఇప్పుడే కట్టకపోతే అరెస్టు చేస్తామని బెదిరించేవాళ్లు మోసగాళ్లే. డబ్బు పోయినట్టు అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

అసలు నోటీసుని గుర్తుపట్టడం తేలికే. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే ప్రతి ఉత్తరం మీదా డిన్ అనే ప్రత్యేక నంబరు ఉండాలి. బ్రౌజర్లో మీరే ఇన్‌కంటాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అని టైపు చేసి ఈ-ఫైలింగ్ పోర్టల్ తెరవండి. ముందు పేజీలోనే, లాగిన్ అవ్వకుండా, "అథెంటికేట్ నోటీస్/ఆర్డర్ ఇష్యూడ్ బై ఐటీడీ" అనే లింక్ ఉంటుంది. డిన్, మొబైల్ నంబరు ఇస్తే, ఓటీపీ తర్వాత ఆ నోటీసు నిజంగా జారీ అయ్యిందో లేదో చెప్పేస్తుంది. ఆ తర్వాత మీ పాన్‌తో లాగిన్ అయ్యి, "పెండింగ్ యాక్షన్స్" కింద "రెస్పాన్స్ టు ఔట్‌స్టాండింగ్ డిమాండ్" తెరిస్తే, మీ పేరు మీద ఉన్న బకాయిలన్నీ సంవత్సరాల వారీగా కనిపిస్తాయి.

లాగిన్ అయినప్పుడే ఇంకో పని చేయండి. ప్రొఫైల్‌లో ఏ మెయిల్, ఏ మొబైల్ ఉన్నాయో చూడండి. మన దగ్గర చాలామంది రిటర్న్ ఆడిటర్ గారి ఆఫీసులో వేయించుకుంటారు. అక్కడి కుర్రాడు పని త్వరగా అవుతుందని ఆఫీసు మెయిలే పెట్టేస్తాడు. మీకు రావాల్సిన నోటీసులన్నీ అక్కడికి పోతాయి, గడువు దాటిపోయాక గానీ మీకు తెలియదు. మొదటి మెయిల్, మొదటి మొబైల్ మీవే ఉండాలి. ఆడిటర్ గారిది కావాలంటే రెండోదిగా పెట్టుకోండి.

మెయిల్‌తో వచ్చిన పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మీ పాన్ చిన్న అక్షరాల్లో, దాని వెంటనే ఖాళీ లేకుండా పుట్టిన తేదీ, నెల, సంవత్సరం ఎనిమిది అంకెల్లో కొడితే తెరుచుకుంటుంది.

ఏ సెక్షన్ కింద వచ్చింది?

నోటీసు పైభాగంలో సెక్షన్ నంబరు, అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ఉంటాయి. ఈ రెండూ ముందు ఒక కాగితం మీద రాసుకోండి. పక్కనే నోటీసు అందిన తేదీ, జవాబుకి ఆఖరి తేదీ కూడా రాయండి.

143(1)(ఎ) అని ఉంటే అది ఇంకా డిమాండ్ కాదు. "మీ రిటర్న్‌లో ఈ మార్పు చేయబోతున్నాం, ఏమంటారు?" అని అడుగుతున్నారు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే వాళ్లనుకున్న మార్పు చేసేస్తారు. నా అభిప్రాయంలో ఇది అన్నిటికంటే విలువైన నోటీసు. బకాయి పుట్టకముందే ఆపే అవకాశం ఇక్కడే ఉంది, జనం ఎక్కువగా పట్టించుకోనిదీ ఇదే.

143(1) అని మాత్రమే ఉంటే రిటర్న్ ప్రాసెస్ అయ్యిందని సమాచారం. కట్టాల్సింది సున్నా అయితే దాచుకుని వదిలేయొచ్చు. మొత్తం ఏదైనా ఉంటే మాత్రం అదే డిమాండ్ నోటీసు కింద లెక్క. 156 అని ఉంటే నేరుగా డిమాండ్ నోటీసే. ఈ రెండింటికీ కట్టడానికి గడువు నోటీసు అందిన దగ్గర్నుంచి 30 రోజులు. 245 అని ఉంటే, మీకు రావాల్సిన రిఫండ్‌ని పాత బకాయి కింద సర్దుకుంటామని చెబుతున్నారన్నమాట. 139(9) అయితే రిటర్న్‌లో లోపం ఉంది, 15 రోజుల్లో సరిచేయమని అర్థం.

143(2), 148 నోటీసులు వస్తే సంగతి వేరు. మొదటిది మీ రిటర్న్‌ని విచారణకి తీసుకున్నారని, రెండోది పాత ఏడాది లెక్కని మళ్లీ తెరుస్తున్నారని చెబుతుంది. ఇలాంటివి సొంతంగా చేయొద్దు, మంచి ఆడిటర్‌ని కలవండి.

ఇవి కాక, "మీ ఏఐఎస్‌లో ఉన్న ఆదాయం రిటర్న్‌లో కనిపించడం లేదు" అంటూ మెసేజ్‌లు వస్తుంటాయి. ఏఐఎస్ అంటే మీ ఆదాయం, లావాదేవీల గురించి శాఖ దగ్గరున్న వివరాల పట్టిక. వాటిలో కట్టమని మొత్తం ఉండదు, కాబట్టి అవి డిమాండ్లు కావు. అయినా ఏఐఎస్ తెరిచి చూడండి. అది తప్పయితే అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చు, నిజమైతే గడువులో రివైజ్డ్ రిటర్న్ వేయొచ్చు.

సెక్షన్ నంబర్ల గురించి ఒక మాట. కొత్త ఆదాయపన్ను చట్టం, 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి, అసెస్‌మెంట్ ఇయర్ అనే మాట బదులు ట్యాక్స్ ఇయర్ వచ్చింది. ఆ తేదీకి ముందు సంపాదించిన ఆదాయానికి సంబంధించిన బకాయిలు మాత్రం 1961 చట్టం ప్రకారమే నడుస్తాయి. ఇక్కడ ఇచ్చిన నంబర్లు ఆ పాత చట్టానివి.

రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టి చదవండి

143(1) పీడీఎఫ్‌లో పైన ఉన్న ఇంగ్లిష్ పేరాలు చూసి భయపడకండి. కిందికి వెళ్తే పెద్ద పట్టిక ఉంటుంది. అందులో ఒక కాలమ్ మీరు రిటర్న్‌లో ఇచ్చిన అంకెలు, పక్క కాలమ్ శాఖ లెక్కించిన అంకెలు. స్కేలు పెట్టుకుని ఒక్కో వరసా దిగండి. జీతం, ఇంటి ఆదాయం, ఇతర ఆదాయం, డిడక్షన్లు, మొత్తం ఆదాయం, పన్ను, రిబేటు, వడ్డీలు, చివర్లో టీడీఎస్ (జీతం లాంటివి మీకు ఇచ్చేటప్పుడే కోసి శాఖకి కట్టే పన్ను), మీరు కట్టిన చలానాలు. రెండు అంకెలూ ఎక్కడ మొదటిసారి విడిపోయాయో అక్కడ గుర్తు పెట్టండి. దాని కింద వచ్చే తేడాలు తరచూ ఆ మొదటి తేడా వల్ల పుట్టినవే.

ఉదాహరణకి ఒక ప్రైవేటు ఉద్యోగి రిటర్న్‌లో టీడీఎస్ 48,600 రూపాయలు అని వేశాడనుకోండి. మొత్తం ఆదాయం, పన్ను రెండు కాలమ్‌లలోనూ ఒకటే. టీడీఎస్ దగ్గర మాత్రం శాఖ కాలమ్‌లో 36,450 ఉంది. తేడా 12,150. అంటే సరిగ్గా నాలుగో వంతు. కంపెనీ జనవరి నుంచి మార్చి దాకా కోసిన పన్నుకి స్టేట్‌మెంట్ వేయలేదనో, ఇతని పాన్ తప్పు రాసిందనో ఆ అంకే చెబుతోంది. ఇంతకుమించి ఇందులో ఏమీ లేదు. అయినా డిమాండ్‌లో 12,150తో పాటు 234బి, 234సి వడ్డీలు (ముందస్తు పన్ను తక్కువ పడినందుకు వేసేవి) కలిసి మొత్తం 13 వేలు దాటేస్తుంది. ఆ అంకె చూసి మనిషి హడలిపోయి కట్టేస్తాడు. ఒకే పన్ను రెండుసార్లు కట్టినట్టు.

ఇలాంటప్పుడు పోర్టల్లోంచి ఫారం 26ఏఎస్, అంటే మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక, తీసి కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్ ఫారం 16తో పోల్చండి. 26ఏఎస్‌లో ఆ మూడు నెలలు లేకపోతే కంపెనీ అకౌంట్స్ వాళ్లకి రాతపూర్వకంగా, అంటే మెయిల్లో, టీడీఎస్ స్టేట్‌మెంట్ సరిదిద్దమని అడగండి. వాళ్లు సరిదిద్దితే కొన్నాళ్లకి మీ 26ఏఎస్‌లో కనిపిస్తుంది. అప్పుడు రెక్టిఫికేషన్, అంటే పొరపాటు సరిదిద్దమనే దరఖాస్తు, పెట్టుకుంటే డిమాండ్ పోతుంది. కంపెనీ మూతపడిపోయినా, పన్ను కోసుకుని శాఖకి కట్టకపోయినా మీరు నిస్సహాయులేం కాదు. జీతంలోంచి కోసిన పన్నుని మళ్లీ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని సెక్షన్ 205 చెబుతోంది. పన్ను కోత కనిపించే జీతం స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి, ఈ సెక్షన్ పేరు రాసి మీ అసెసింగ్ ఆఫీసర్‌కి, అంటే మీ పన్ను లెక్క చూసే శాఖ అధికారికి, దరఖాస్తు పెట్టండి. ఓపిక పట్టాల్సిన వ్యవహారమే, కానీ న్యాయం మీ వైపు ఉంది.

చలానా లైన్లో తేడా వస్తే చాలాసార్లు సంవత్సరం తప్పు వేసి ఉంటారు. 2024-25లో వచ్చిన ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2025-26. చలానా కట్టేటప్పుడు చేతికి అలవాటైన 2024-25 నొక్కేస్తే ఆ డబ్బు ఇంకో ఏడాది ఖాతాలో పడుతుంది. కొత్తగా కట్టినదైతే, కొద్ది రోజుల్లోపే చూసుకుంటే, పోర్టల్లోని "చలాన్ కరెక్షన్"తో మీరే మార్చుకోవచ్చు. ఆ గడువు దాటితే అసెసింగ్ ఆఫీసర్‌కి అర్జీ పెట్టాలి. స్థలమో ఫ్లాటో అమ్మినవాళ్లకి ఇంకో చిక్కు ఉంటుంది. 50 లక్షలు, ఆపైన ఉన్న ఆస్తికి కొన్నవాళ్లు 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. ఆ ఫారంలో వాళ్లు మీ పాన్‌లో ఒక్క అక్షరం తప్పు కొట్టినా ఆ పన్ను మీ ఖాతాలోకి రాదు. అమ్మకం అయిన కొత్తలోనే 26ఏఎస్ చూసుకుంటే కొన్నవాళ్లు దొరుకుతారు, సరిచేయించుకోవచ్చు.

డిడక్షన్ల దగ్గర తేడా వస్తే శాఖ లెక్కే సరైనదయ్యే అవకాశం ఎక్కువ. అసెస్‌మెంట్ ఇయర్ 2024-25 నుంచి కొత్త పన్ను విధానమే డీఫాల్ట్. పాత విధానం కావాలంటే గడువు తేదీలోపు రిటర్న్ వేసి ఎంచుకోవాలి. గడువు దాటాక వేసిన రిటర్న్‌లో 80సి (పీఎఫ్, ఎల్ఐసీ లాంటి పొదుపులకి ఇచ్చే మినహాయింపు), ఇంటి అద్దె మినహాయింపు వేసుకుంటే అవి చెల్లవు. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు పాత విధానం కోసం ఫారం 10-ఐఈఏ కూడా గడువులోపు వేయాలి.

ఇక్కడే ఒక విషయం గట్టిగా చెప్పాలి. "మీకు రిఫండ్ తెప్పిస్తాను, అందులో నాకింత ఇవ్వండి" అనే ఏజెంట్లతో రిటర్న్ వేయించి ఉంటే, లేని ఇంటి అద్దె, ఇవ్వని పార్టీ చందా, లేని లోను వడ్డీ అందులో వేశాడేమో మీ రిటర్న్ తెరిచి చూసుకోండి. వేసింది అతనైనా చట్టం ముందు బాధ్యత మీది. తప్పుడు వివరాలతో ఆదాయం తక్కువ చూపితే పన్నుకి రెండింతల దాకా, అంటే 200 శాతం పెనాల్టీ పడొచ్చు. విచారణ మొదలవకముందే అప్‌డేటెడ్ రిటర్న్ వేసి, అదనపు పన్నుతో కట్టేయడం ఎంతో చౌక. సంబంధిత అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక 48 నెలల దాకా దానికి వీలుంది. ఎంత ఆలస్యమైతే అదనపు భారం అంత పెరుగుతుంది.

పోర్టల్లో జవాబు ఇవ్వడం

తేడా ఎక్కడుందో తేలాక "రెస్పాన్స్ టు ఔట్‌స్టాండింగ్ డిమాండ్"లో ఆ డిమాండ్ ఎదురుగా "సబ్‌మిట్ రెస్పాన్స్" నొక్కండి. డిమాండ్ సరైనదే అని ఒప్పుకోవడం, పూర్తిగా గానీ కొంత గానీ ఒప్పుకోకపోవడం అనే దారులు కనిపిస్తాయి. మొదటిది నొక్కే ముందు ఆలోచించండి. ఒకసారి సరైనదే అని సబ్‌మిట్ చేస్తే తర్వాత కాదనడానికి పోర్టల్ ఒప్పుకోదు.

ఒప్పుకోకపోతే కారణం ఎంచుకోవాలి. డిమాండ్ ఇప్పటికే కట్టేశాం, రెక్టిఫికేషన్ పెట్టాం, అప్పీలు వేశాం, ఇతర కారణం, ఇలా ఉంటాయి. కట్టేశామని చెబితే చలానా వివరాలు అడుగుతుంది. బ్యాంకు శాఖకి ఉండే ఏడంకెల బీఎస్ఆర్ కోడ్, కట్టిన తేదీ, చలానా సీరియల్ నంబరు, మొత్తం, చలానా కాపీ. "ఇతర కారణం" ఎంచుకుంటే కథంతా రాయకండి. ఏ లైన్లో మీ అంకె ఎంత, శాఖ అంకె ఎంత, తేడాకి కారణం ఏమిటి, రుజువుగా ఏం జతచేశారు అన్న నాలుగు ముక్కలు చాలు. తెలుగులో ఆలోచించి సులువైన ఇంగ్లిష్‌లో రాసినా ఫరవాలేదు, అంకెలు మాత్రం కచ్చితంగా ఉండాలి. కొంతవరకే ఒప్పుకుంటే ఆ ఒప్పుకున్న భాగాన్ని కట్టేయండి, మిగిలినదాని మీదే వాదించండి.

సబ్‌మిట్ చేశాక వచ్చే ట్రాన్సాక్షన్ ఐడీని స్క్రీన్‌షాట్ తీసుకోండి.

జవాబు ఇవ్వగానే డిమాండ్ మాయమైపోదని కూడా గుర్తుంచుకోండి. మీ అభ్యంతరం నమోదైందంతే. అంకె మారాలంటే రెక్టిఫికేషన్ గానీ అప్పీలు గానీ జరగాలి.

సరిదిద్దమని అడగడం: రెక్టిఫికేషన్

రికార్డు చూడగానే తెలిసిపోయే పొరపాట్లకి సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్ ఉంది. పోర్టల్లో "సర్వీసెస్" కింద దొరుకుతుంది, ఫీజు లేదు. టీడీఎస్ స్టేట్‌మెంట్ సరిదిద్దాక 26ఏఎస్‌లో వచ్చేసి ఉంటే రిటర్న్‌ని మళ్లీ ప్రాసెస్ చేయమనే ఆప్షన్ చాలు. టీడీఎస్ లేదా చలానా వివరాలు మీరే తప్పు వేసి ఉంటే ట్యాక్స్ క్రెడిట్ మిస్‌మ్యాచ్ ఆప్షన్, రిటర్న్‌లో ఇంకేదైనా అంకె మార్చాలంటే రిటర్న్ డేటా కరెక్షన్ ఎంచుకోవాలి. ఆర్డర్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా అడగొచ్చు. దరఖాస్తు అందిన నెల ముగిశాక ఆరు నెలల్లోగా తేల్చాలని చట్టంలోనే ఉంది.

26ఏఎస్‌లో రాకముందే మళ్లీ ప్రాసెస్ చేయమని నొక్కేయడం వల్ల లాభం లేదు. అదే డిమాండ్ తిరిగొస్తుంది, టెన్షన్ మిగులుతుంది.

సీపీసీ "ఇది మీ అసెసింగ్ ఆఫీసర్‌కి బదిలీ చేశాం" అంటే ఆయన్నే పట్టుకోవాలి. పోర్టల్ ముందు పేజీలో "నో యువర్ ఏఓ"లో పాన్ కొడితే మీ వార్డు, ఆఫీసు అడ్రసు వస్తాయి. హైదరాబాద్‌లో అయితే అది బషీర్‌బాగ్ ఆయకర్ భవన్ కావచ్చు, మాసబ్ ట్యాంక్ దగ్గర ఐటీ టవర్స్ కావచ్చు, వార్డుని బట్టి ఉంటుంది. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. నోటి మాటగా "చూస్తాంలెండి" అన్నదానికి రుజువు ఉండదు.

కట్టాల్సిందేనని తేలితే

ఆలస్యం చేయకండి. 30 రోజులు దాటాక సెక్షన్ 220(2) కింద నెలకి 1 శాతం వడ్డీ పడుతుంది. 50,000 బకాయి అయితే నెలకి 500. నెలలో ఒక్క రోజు దాటినా పూర్తి నెల కిందే లెక్క.

డిమాండ్ పేజీలోనే ఉన్న "పే నౌ" ద్వారా కడితే డిమాండ్ నంబరు, సంవత్సరం వాటంతటవే వస్తాయి. విడిగా "ఈ-పే ట్యాక్స్"లోకి వెళ్తే రెగ్యులర్ అసెస్‌మెంట్ ట్యాక్స్, అంటే 400 నంబరుది ఎంచుకుని, మీ డిమాండ్ రిఫరెన్స్ నంబరు పట్టుకోండి. అలవాటు కొద్దీ సెల్ఫ్ అసెస్‌మెంట్, అంటే 300 నొక్కితే డబ్బు శాఖకి చేరుతుంది గానీ డిమాండ్ అలాగే నిలబడి ఉంటుంది.

ఒకేసారి కట్టే స్థోమత లేకపోతే దాక్కోనక్కర్లేదు. గడువు పెంచమని, వాయిదాల్లో కట్టనివ్వమని సెక్షన్ 220(3) కింద అసెసింగ్ ఆఫీసర్‌ని అడిగే హక్కు మీకుంది. 30 రోజులు దాటకముందే అడగాలి. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆసుపత్రి బిల్లులు లాంటివి జతచేసి, నెలకి ఎంత కట్టగలరో మీరే ఒక పట్టిక వేసి ఇవ్వండి. మొదటి వాయిదా కట్టిన చలానా కూడా దానికి కుట్టి ఇస్తే మీ మాటకి బరువు ఉంటుంది. నిజమైన ఇబ్బంది ఉండి, మీ చేతుల్లో లేని కారణం వల్ల ఆలస్యమై, మీరు సహకరించి ఉంటే, 220(2) వడ్డీని తగ్గించమని గానీ మాఫీ చేయమని గానీ 220(2ఎ) కింద కమిషనర్ స్థాయి అధికారులకి అర్జీ పెట్టుకోవచ్చు.

ఏమీ చేయకపోతే జరిగేది ఇది: బకాయిదారుగా లెక్కిస్తారు, సెక్షన్ 221 కింద బకాయి పన్నుకి సమానమయ్యేదాకా పెనాల్టీ వేయొచ్చు, 226(3) కింద నేరుగా మీ బ్యాంకుకి నోటీసిచ్చి ఖాతాలోంచి తీసుకోవచ్చు. అంతదాకా వచ్చాక ఏ ఆఫీసు చుట్టూ తిరిగినా ఆ నెల ఈఎంఐ మాత్రం బౌన్స్ అవుతుంది.

అప్పీలు

రెక్టిఫికేషన్‌తో తేలని వివాదం, అంటే చట్టాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గరే తేడా ఉంటే, కమిషనర్ అప్పీల్స్‌కి ఫారం 35లో ఆన్‌లైన్‌లో అప్పీలు వేయాలి. గడువు డిమాండ్ నోటీసు అందిన దగ్గర్నుంచి 30 రోజులు. శాఖ లెక్కించిన ఆదాయం 2 లక్షలు దాటితే ఫీజు 1,000 రూపాయలు. మీ సొంత రిటర్న్ ప్రకారం కట్టాల్సిన పన్ను కట్టి ఉంటేనే అప్పీలు తీసుకుంటారు.

ఒక ప్రమాదం ఉంది. రెక్టిఫికేషన్ పెట్టాం కదా అని కూర్చుంటే అప్పీలు గడువు ఆగదు, అది జరిగిపోతూనే ఉంటుంది. పెద్ద మొత్తం అయితే రెండూ ఒకేసారి వేయడం గురించి ఆడిటర్‌తో మాట్లాడండి. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. దానికి విడిగా స్టే అడగాలి. ఆదాయపన్ను శాఖ పై బోర్డు అయిన సీబీడీటీ 2017 జులై 31న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మామూలుగా వివాదంలో ఉన్న మొత్తంలో 20 శాతం కడితే, అప్పీలు తేలేదాకా మిగతాది వసూలు చేయకుండా అసెసింగ్ ఆఫీసర్ ఆపుతారు.

ఎప్పటివో పాత బకాయిలు

ఉన్నట్టుండి 245 నోటీసు వచ్చి, పదేళ్ల కిందటి బకాయికి ఈ ఏడాది రిఫండ్ సర్దుకుంటామంటే, నోటీసులో ఇచ్చిన గడువులోపు జవాబివ్వండి. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే లెక్కేసి సర్దేసుకుంటారు.

కట్టే ముందు ఒకటి చూడండి. 2024 ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చిన్న పాత డిమాండ్లు రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. 2010-11 దాకా ఉన్న అసెస్‌మెంట్ సంవత్సరాలకి ఒక్కో డిమాండ్ 25,000 రూపాయల వరకు, 2011-12 నుంచి 2015-16 దాకా 10,000 వరకు, ఒక్కో మనిషికి మొత్తం మీద లక్ష రూపాయలు మించకుండా తీసేశారు. మీ పాత బకాయి ఈ లెక్కలోకి వచ్చీ ఇంకా కనిపిస్తుంటే సీపీసీకి 1800 103 0025లో ఫోన్ చేయండి, పోర్టల్లో గ్రీవెన్స్ కూడా పెట్టండి.

చనిపోయినవారి పేరు మీద వస్తే

నాన్నగారు పోయాక ఆయన పాన్ మీద డిమాండ్ వస్తే ఇంట్లోవాళ్లకి దుఃఖంలో ఇదొకటి మీద పడుతుంది. వారసులు జవాబు ఇవ్వాల్సిందే, కానీ సెక్షన్ 159 ప్రకారం మీ బాధ్యత ఆయన వదిలివెళ్లిన ఆస్తి విలువకే పరిమితం. ఆ ఆస్తిని మించి మీ సొంత జీతంలోంచి కట్టమని అడగడానికి లేదు. ఒక హెచ్చరిక: ఆ బకాయి ఉండగా ఆస్తి అమ్మేసుకుంటే, ఆ విలువ మేరకి వారసుడే బాధ్యుడవుతాడు. కాబట్టి పంపకాలకి ముందే ఇది తేల్చుకోండి. పోర్టల్లో మీ లాగిన్‌తో చట్టబద్ధ వారసుడిగా నమోదు చేసుకోవాలి. మరణ ధ్రువపత్రం, ఆయన పాన్, వారసత్వానికి రుజువుగా తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ లాంటివి కావాలి. ఆమోదం రాగానే ఆయన ఖాతా మీకు తెరుచుకుంటుంది, పైన చెప్పిన వరసలోనే జవాబు ఇవ్వొచ్చు.

అయిపోయిందని ఎప్పుడు అనుకోవాలి?

డబ్బు కట్టిన రోజున కాదు. డిమాండ్ పేజీలో ఆ సంవత్సరం ఎదురుగా బకాయి సున్నా అయినప్పుడు, లేదా ఆ వరసే పోయినప్పుడు. చలానా కట్టిన కొన్ని రోజులకి వెళ్లి చూడండి. ఇంకా ఉంటే చలానా వివరాలతో "ఇప్పటికే కట్టాం" అని మళ్లీ జవాబు ఇవ్వండి. నోటీసు, మీ జవాబు, ట్రాన్సాక్షన్ ఐడీ, చలానా, రెక్టిఫికేషన్ ఆర్డర్, అన్నీ ఆ అసెస్‌మెంట్ ఇయర్ పేరుతో ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఒక కాపీ ఇంట్లో ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి. వచ్చే ఏడాది రిటర్న్ వేయడానికి లాగిన్ అయినప్పుడు, రిటర్న్ మొదలుపెట్టే ముందే ఆ డిమాండ్ పేజీ తెరిచి, తగ్గకుండా మిగిలిన వడ్డీ ముక్క ఏదైనా ఉందేమో చూసుకోండి.